తువ్వాల కింద మంత్రం

పర్శరాములు కాక పుస్తకంలో ఉన్న మంత్రం ఒక్కటి కూడా వెయ్యడు. ప్రాణం పోతున్నా వెయ్యడు. తన మంత్రం తానే తయారు చేసుకుంటాడు. చేసుకుని ఊరుకుంటాడా అంటే అదీ లేదు. ఆ మంత్రానికి ఎంత మూల్యం చెల్లించాలో తేల్చడానికి భుజం మీది ఎర్ర తువ్వాల తీసి చేతి మీద కప్పుకుని, నా చెయ్యి అందులోకి లాక్కుని, పశువుల అంగట్లో ఎద్దును బేరమాడినట్టు వేళ్లతో బేరమాడతాడు.

కంగారు పడకండి. ఆయన చేతబడులు చేసే మనిషి కాదు. ఎల్లారెడ్డిలో పశువుల బేరగాడు. మంత్రాలన్నీ ఆటలోవి. కామారెడ్డి స్టేషన్ రోడ్డు పక్క సందులో నాకు జిరాక్సు షాపుంది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి వెనక గదిలో మేం ఆడుకునే ఆట అది. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో హాస్టల్లో అంటించుకున్నాను ఈ పిచ్చిని. చదువు వదిలింది గాని పిచ్చి వదల్లేదు.

ఆటలో బోర్డు ఉండదు, పేకముక్కలుండవు. నేను కథ చెబుతాను. "అడవిలో పోతున్నారు, వంతెన మీద రాక్షసుడు నిలబడ్డాడు, ఏం చేస్తారు?" అంటాను. ఒక్కొక్కరు తమ పాత్ర ఏం చేస్తుందో చెప్పి పాచిక వేస్తారు. పాచిక మంచిగా పడితే రాక్షసుడు పడతాడు, లేకపోతే వీళ్లు పడతారు. ప్రతి పాత్రకూ ఇరవై ఊపిర్లుంటాయి. దెబ్బ తగిలితే కొన్ని పోతాయి, మంత్రం వేస్తే కొన్ని పోతాయి, కొత్త మంత్రం సొంతంగా చేసుకోవాలంటే ఇంకా ఎక్కువ పోతాయి. కథలో పడుకుని లేస్తే మళ్లీ కొన్ని వస్తాయి. ఇంతే ఆట.

కాక మా ఆటలోకి రావడమే ఒక విడ్డూరం. బర్రె ఇన్సూరెన్సు కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చాడు. షట్టరు సగం దించి ఉంది, లోపల్నుంచి "చంపు, చంపు, మెడ మీద ఏసెయ్!" అని ఆడమనిషి అరుపు వినపడింది. చేతి కర్ర పైకెత్తి షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూకాడు.

"ఎవల్నే చంపుతున్నరు?"

"రాక్షసున్ని" అంది భూదేవక్క, తల కూడా ఎత్తకుండా.

"ఏడి?"

"ఈడ లేడు. కథల ఉన్నడు."

కాక కర్ర దించి, మా అందరి మొహాలు చూసి, కాసేపు ఆలోచించి అడిగిన ప్రశ్న ఇది. "ఎన్ని పండ్లదుంటది?"

పశువుకు పళ్లు చూసి వయసు కడతారు కదా, రాక్షసుడికీ అదే లెక్క. నాకు నవ్వాగలేదు. కుర్చీ వేశాను. ఆ రోజు కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. ప్రతి ఆదివారం ఎల్లారెడ్డి బస్సెక్కి వచ్చేస్తాడు. జిరాక్సు తీసిన ఆ కాగితాలు మాత్రం ఇప్పటికీ నా డ్రాయర్లోనే ఉన్నాయి.

భూదేవక్కది పక్కిల్లు. చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఆడుతుంది. ఆటలో ఆమె దొంగ. "బయట ఎట్లాగు చెయ్యలేను, గీడనన్న జేబులు కొడత" అంటుంది. నాలుగో మనిషి స్వామిదాసు సార్, బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాడు. మూడొందల పేజీల నియమాల పుస్తకం ఆయనకు కంఠతా వచ్చు. పుస్తకాన్ని ఆయన ముట్టుకునే తీరు చూస్తే చేతులు కడుక్కుని వచ్చాడేమో అనిపిస్తుంది. ఆటలో ఆయన పాత్ర మహామాంత్రికుడు వజ్రకేతుడు. కాక కూడా మాంత్రికుణ్ణే ఎంచుకున్నాడు, వాడికో పేరు పెట్టుకోమన్నాను.

"పర్శరాములు."

"అది నీ పేరు కదా కాకా. ఆటకు వేరే పేరు..."

"ఎందుకు మార్చుకోవాలె? నేనేమన్న పోలీసోళ్లకు దొరకకుంట తిరుగుతున్ననా?"

చివరికి చేరినవాడు జోయల్. వానలు పట్టిన రోజుల్లో వచ్చాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పని. చెయ్యి భలే నేర్పు, మనిషి భలే చమత్కారి, కాని మాట తట్టుకుంటుంది. ముఖ్యంగా కొత్తవాళ్ల ముందు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. మాంత్రికుడి పాత్ర ముచ్చటపడి తీసుకున్నాడు. మా బల్ల దగ్గర మంత్రాలకో పద్ధతి ఉంది. పుస్తకంలోని ప్రతి మంత్రానికీ స్వామిదాసు సార్ తెలుగులో నోరు తిరగని సమాసాలు కట్టి పెట్టాడు. "జ్వలజ్జ్వాలాజాల ఝళంఝళ" అంటూ మొదలై అరపేజీ నడుస్తాయి. తడబడకుండా చదివితేనే మంత్రం పారుతుంది, తడబడితే విఫలం. అందరం తడబడేవాళ్లం, అందరం నవ్వుకునేవాళ్లం. జోయల్ మొదటి అక్షరం మీదే నిలబడిపోయాడు. సార్ ఓపికగా ఎదురుచూసి, నియమం కాబట్టి, మెల్లగా "విఫలం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధగా ఉండింది. మరుసటి వారం జోయల్ మాంత్రికుణ్ణి వదిలేసి గొడ్డలి వీరుణ్ణి తీసుకున్నాడు. గొడ్డలికి మాటలక్కర్లేదు.

ఇక కాక మంత్రాల సంగతికొస్తాను. మొదట్లో ఆయన మంత్రాలూ మాటలతోనే ఉండేవి, బేరమూ నోటితోనే సాగేది. సందు చివరి చాయ్ కొట్టు దాకా వినపడేది. వానాకాలంలో ఒక ఆదివారం ఉన్నట్టుండి తువ్వాల తీశాడు.

"ఇగ నోటితోని బేరం బంద్. గొంతు నొస్తున్నది" అన్నాడు.

"చేతుల్తో బేరమేంది కాకా?"

"అంగట్ల మేం చేసేది గిదే. బిచ్కుంద దిక్కు పోతె మరాఠోళ్లుంటరు, కన్నడమోళ్లుంటరు. వాని మాట నాకు రాదు, నా మాట వానికి రాదు. తువ్వాల కింద చెయ్యి పెడితె అందరిది ఒక్కటే భాష. ఒక వేలు పట్టుకుంటె ఒకటి, రెండు పట్టుకుంటె రెండు. చూసెటోడు ఏం చూసినా వానికి తువ్వాలనే కనబడతది. ఒక్క మాట యాదుంచుకో బిడ్డా, తువ్వాల కింది ముచ్చట తువ్వాల కిందనే ఉండాలె."

ఆ రోజు వంతెన మీద రాక్షసుడు ఉన్నాడు. స్వామిదాసు సార్ అగ్ని మంత్రం చదవబోతుండగా కాక నా చెయ్యి లాగాడు. బేరం కుదిరింది. తర్వాత పెదాలు ముడిచి సన్నగా, పొడుగ్గా ఈల వేశాడు. ఎడ్లను నీళ్లకు తోలుకుపోయి తాగించడానికి వేసే ఈల.

"ఇదేం మంత్రం?" అన్నాడు సార్.

"నీళ్ల ఈల. ఇంటె దూపైతది."

పాచిక మంచిగా పడింది. మా రాక్షసుడికి దాహమేసి, గద అక్కడే పెట్టేసి, వంతెన దిగి ఏట్లోకి పోయి నీళ్లు తాగుతూ నిలబడ్డాడు. మేం వంతెన దాటేశాం.

ఆ తర్వాత ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు. నాలుక కొనతో "త్చ్ త్చ్ త్చ్" అంటే ఎంత పెద్ద మృగమైనా తల వంచి నోరు తెరుస్తుంది. అదొక మంత్రం. మంటలు కక్కే సర్పరాజం మీద వేశాడు దాన్ని. నేను చెప్పిన సర్పరాజం ఏడు ఊళ్లు తగలబెట్టింది. కాక దాని నోట్లో తల పెట్టి లోపలంతా పరికించాడు.

"అయ్యో, గిది ఇంక పాలపండ్లదే. లేగ! తల్లి ఏడున్నదో పాపం. దీన్ని చంపుడేంది?"

"అది ఏడు ఊర్లు తగలబెట్టింది" అన్నాడు స్వామిదాసు సార్.

"పండ్లు వస్తుంటె దురదయితది సార్. చిన్నపిల్లలు కొరకరా?"

ఆ సర్పరాజం ఇప్పుడు మా వెంటే ఉంటోంది. తవుడు తింటుంది. తువ్వాల ఒక్కసారి జాడిస్తే మీదికొచ్చే బాణాలు ఈగల్లా పక్కకు పోతాయి. అదింకో మంత్రం. కాలితో నేల మీద రెండుసార్లు తడితే తలుపు ఎటువైపు ఉందో తెలుస్తుంది. అదింకొకటి.

ఇప్పుడు తువ్వాల కింద ఏం జరిగేదో చెబుతాను. చెప్పకూడదు, కాని ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది. కాక పైకి ఒకటే శోకాలు పెట్టేవాడు. "చంపుతున్నవ్ బిడ్డా! గింత పిరమా! ముసలోన్ని ఆగం చేస్తున్నవ్!" అని అరుస్తుంటే భూదేవక్క కూడా జాలిపడేది. తువ్వాల కింద మాత్రం కథ వేరే. నేను మూడు వేళ్లు పట్టుకుని మూడు ఊపిర్లు అడిగితే, ఆయన నా అయిదు వేళ్లూ పట్టుకునేవాడు. అడిగినదానికంటే ఎక్కువిచ్చే బేరగాణ్ణి నేనెక్కడా చూడలేదు. చివర్లో నా మణికట్టు ఒకసారి నొక్కేవాడు. అంగట్లో అది జతకు గుర్తట. ఒక్క ఎద్దు కాదు, జోడు కావాలని. అంటే మంత్రం ఆయనకొకటి, ఇంకెవరికో ఒకటి. ఆ రెండోది ఎవరికి అని కళ్లతో అడిగితే పైకప్పు వైపు చూసేవాడు. ముసలాయన చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

దీని ఫలితం ఏమిటంటే, మాంత్రికుడు పర్శరాములుకు ఎప్పుడూ ఒకే ఒక్క ఊపిరి మిగిలి ఉండేది. నడిచే ఓపిక లేదు. కథంతా నులక మంచం మీద పడుకుని ప్రయాణం చేసేవాడు. మంచం ముందు వైపు భూదేవక్క దొంగ, వెనక వైపు జోయల్ వీరుడు మోసేవాళ్లు.

"గీ ముసలోన్ని మోసుడే సరిపోయింది నాకు. నేను దొంగనా, హమాలీనా?" అని భూదేవక్క ప్రతి వారం అడిగేది.

"జర మెల్లగ మొయ్యి చెల్లె, కుదుపులకు నడుం పడుతున్నది" అనేవాడు కాక, నా షాపులో ప్లాస్టిక్ కుర్చీలో హాయిగా కూర్చుని.

గొడవ ఎముకల రాజు దగ్గర వచ్చింది. ఎముకల రాజంటే కథలో అందరికంటే పెద్ద శత్రువు. వాడి కోట దాకా చేరడానికి మాకు ఎండాకాలం దాకా పట్టింది. వాడి కోసమని స్వామిదాసు సార్ పుస్తకంలో అన్నిటికంటే పెద్ద మంత్రాన్ని వారాల తరబడి బట్టీ పట్టాడు. ఇంట్లో స్నానం చేస్తూ చదివేవాడట, వాళ్లావిడ భయపడిందట. ఆ ఆదివారం సార్ లేచి నిలబడి, కళ్లు మూసుకుని, చెయ్యి పైకెత్తి మంత్రం మొదలుపెట్టాడు. ఒక్క తడబాటు లేదు. నాకే ఒళ్లు గగుర్పొడిచింది. సగంలో ఉండగా సన్నగా ఈల వినపడింది.

కాక వేసిన పాచిక చూశాను. ఇరవై. మా పాచికకు ఇరవై ముఖాలు, అంతకు మించి పడదు.

"ఎముకల రాజు... సింహాసనం దిగి... నీళ్లు తాగడానికి వెళ్లిపోయాడు" అన్నాను గొంతు తగ్గించి.

సార్ చెయ్యి ఇంకా పైకే ఉంది. "ఎముకలకు దూప ఎట్లయితది?"

"ఎన్నేండ్ల సంది ఎండుతున్నడో సార్. గాయినకే ఎక్కువ దూప" అన్నాడు కాక.

సార్ చెయ్యి దించి, పుస్తకం మూసి, చాలా మర్యాదగా చెప్పాడు. వచ్చే ఆదివారం తేలిపోవాలి. సొంత మంత్రాలు ఉంటాయా, ఉండవా? కాక కూడా తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. "బంద్ అంటె బందే సార్. గప్పుడు నాకీడ ఏం పని? ఇంట్లనే ఉంట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని బస్సు దాకా నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. వారమంతా నాకు పని మీద మనసు లేదు. ఎవరిదో పెళ్లిపత్రిక రెండు వైపులా ఒకటే కొట్టి ఇచ్చాను. ఒక్క కుర్చీ ఖాళీ అయితే ఆ గది ఎట్లా ఉంటుందో తలుచుకుంటేనే దిగులేసేది.

ఆదివారం వచ్చింది. పాచికలు తీయలేదు. సార్ మొదలుపెట్టాడు.

"నాకు కాక మీద కోపం లేదు. బస్సుకు ఒక టైము, ఒక రూటు ఉంటది. ఎవలికి నచ్చిన రూట్ల వాళ్లు తోలితె జనం ఊరు చేరరు. మంత్రం గూడ గంతే. ఎంత దూరం పోతది, ఎంత సేపుంటది, ఎంత ఖర్చయితది, అన్ని లెక్క కట్టి పుస్తకంల పెట్టిన్రు. మనం సొంతంగ చేసుకుంటె లెక్క తప్పుతది. ఇయ్యాల ఈల ఏసిండు, రాజు పోయిండు. రేపు తుమ్ముతడు, రాజ్యం పోతది."

అబద్ధం లేదు అందులో. నేను చూపు కాక వైపు తిప్పాను.

"సార్, పల్లెవెలుగు బస్సు చెయ్యెత్తిన కాడ ఆగుతదా, లేదా?" అన్నాడు కాక.

"ఆగుతది."

"గా చెయ్యెత్తిన జాగ టైంటేబుల్ల రాసుంటదా?"

సార్ పుస్తకం అంచు సవరించాడు.

"బుక్కు రాసినాయన మంచోడే ఉంటడు సార్. తెలివైనోడే ఉంటడు. కని గాయిన మనల్ని చూడలే గద. గీ బల్ల కాడ ఎవలెవలు కూసున్నరో గాయినకేం ఎర్క?"

ఇద్దరూ భూదేవక్క వైపు చూశారు. ఆమె బీడీకి దారం చుట్టి పళ్లతో తెంపింది. "నాకు మంచం మోసుడు బంద్ అయితె చాలు. మంత్రాలు ఉంటె ఉండనియ్యి, పోతె పోనియ్యి."

జోయల్ వంతు వచ్చింది. నోరు తెరిచాడు. "నా... నా..." దగ్గర ఆగిపోయింది. మెడ నరాలు తేలాయి. సార్ మర్యాదగా గోడ గడియారం చూస్తున్నాడు. భూదేవక్క తంబాకు సర్దుతోంది. నాకు ఆ మాట నేనే పూర్తి చేసేద్దామన్నంత ఆత్రం వచ్చింది గాని, అతను ఏం చెప్పబోతున్నాడో నాకేం తెలుసు?

జోయల్ నోరు మూసుకున్నాడు. లేచి, కాక భుజం మీది తువ్వాల లాగి, తన చేతి మీద కప్పుకుని, స్వామిదాసు సార్ ముందు చాపాడు.

సార్ బెదిరిపోయాడు. "నాకు గీ లెక్క తెల్వది."

"పెట్టున్రి సార్. కరవడు" అన్నాడు కాక.

సార్ పాము పుట్టలో చెయ్యి పెట్టినట్టు అనుమానంగా పెట్టాడు. తువ్వాల కొంచెం కదిలింది. సార్ కనుబొమలు పైకి పోయాయి.

"మణికట్టు పట్టుకున్నడు. గట్టిగ పట్టుకున్నడు. ఏందట?"

కాక తన కర్ర కొన వైపు చూసుకుంటున్నాడు. చెప్పక తప్పలేదు నాకు.

"జత అన్నట్టు సార్. తనూ కాకా ఒక జోడని. కాకను పంపిస్తే తననూ పంపించినట్టేనని."

జోయల్ తలూపాడు. సార్ చెయ్యి తువ్వాల కిందే ఉంది. "గీ గుర్తు నీకెవరు నేర్పిన్రు?"

జోయల్ రెండో చేత్తో కాకను చూపించాడు. తర్వాత తెలిసింది, ఎల్లారెడ్డి బస్సు దిగి మా దగ్గరికొచ్చే ముందు కాక ప్రతి వారం సెల్‌ఫోన్ షాపులో కూర్చుంటాడట. ఆయన దగ్గరున్నది మీటల ఫోను, దానికి బాగుచేసేందుకు ఏమీ లేదు.

నా బుర్ర అప్పుడు వెలిగింది. తువ్వాల కట్టుబాటు పక్కన పెట్టేశాను. "సార్, తువ్వాల తీసిన్నాటి నుంచి కాక చేసిన మంత్రాలన్నీ జతబేరాలే. ఒకటి తనకు, ఒకటి ఇంకొకరికి. నేనడిగినదానికంటే ఎక్కువ ఊపిర్లు పోసి మరీ జత కొనుక్కున్నాడు. రెండోది ఎవరికో ఎప్పుడూ చెప్పలేదు."

స్వామిదాసు సార్ ఎన్నో ఏళ్లు బస్సుల రాకపోకలు లెక్క చూసిన మనిషి. ఏది ఎప్పుడు బయల్దేరిందో కలిపి చూడటం ఆయనకు అలవాటు.

"ఈల. నాలిక సప్పుడు. తువ్వాల జాడిచ్చుడు. కాలుతోని తట్టుడు" అన్నాడు మెల్లగా. "ఒక్కదాంట్ల గూడ మాట లేదు. భూదేవీ, కాక తువ్వాల ఎప్పుడు తీసిండు?"

"వానలప్పుడు."

"జోయల్ ఎప్పుడొచ్చిండు?"

"వానలప్పుడే" అని భూదేవక్క చేట కింద పెట్టేసింది. ఆమె చేతులు ఆగడం నేను అప్పుడే చూశాను.

జోయల్ కాక వైపు తిరిగాడు. అతనికీ ఈ సంగతి తెలియదు. కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. కాక మాత్రం తల వెనక్కి వాల్చి పైకప్పు చూస్తున్నాడు.

"బిడ్డా, గీ ఫ్యాను సప్పుడు చేస్తున్నది. జర గ్రీజు పెట్టియ్యాలె."

ఎవరూ ఫ్యాను వైపు చూడలేదు. ముసలాయన ఇన్ని నెలలు మంచం మీద పడి ఊరేగింది ఎందుకో ఇప్పటికి అర్థమైంది. ఒక కుర్రవాడికి మాంత్రికుడయ్యే దారి వెయ్యడానికి తన ఊపిర్లన్నీ పోశాడు. పైగా ఎవరికీ తెలియకూడదని శోకాలు పెట్టాడు.

సార్ పుస్తకం తీశాడు. చివర్న ఖాళీగా ఉన్న అట్ట లోపలి వైపు, కొత్త పెన్నుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తూ పైకి చదివాడు. సొంత మంత్రం ఎవరైనా చేసుకోవచ్చు. కాని ఊరికే రాదు, ఊపిరి పొయ్యాలి. ఎంత పొయ్యాలో తువ్వాల కింద తేలాలి. "నియమం లేకుంట ఏది ఉండొద్దు. గిది గూడ ఇప్పుడు నియమమే" అని తృప్తిగా పెన్నుకు మూత పెట్టాడు. మళ్లీ తీశాడు. "మాట తడబడితె విఫలం అన్నది గూడ కొట్టేద్దాం. గది నేను పెట్టిందే."

"వ... వద్దు సార్" అన్నాడు జోయల్. అందరం ఆగాం. ఈసారి ఎవరూ గడియారం చూడలేదు. "ఉం... ఉండనియ్యున్రి. మీరు త... తడబడ్డప్పుడు మస్తు మంచిగుంటది."

అందరికంటే గట్టిగా నవ్వింది స్వామిదాసు సారే.

ఆ సాయంత్రం జోయల్ గొడ్డలి పక్కన పెట్టి మాంత్రికుడయ్యాడు. జతలో మిగిలిన మంత్రాలన్నీ ఒక్కపెట్టున అతనివయ్యాయి. మా బల్ల మీద అతణ్ణి మించిన మాంత్రికుడు లేడు. మొదటి ఈల వేసినప్పుడు అతని మొహం చూడాల్సింది మీరు.

కాకను బస్సెక్కించడానికి వెళ్లినప్పుడు దారిలో నిలదీశాను. "ఇదంతా జోయల్ కోసమే కదా కాకా?"

"ఏ, గదేం లేదు బిడ్డా. నావి కట్టుడు పండ్లు. సార్ మంత్రం చదివితె ఊడి బల్ల మీద పడతయి. ఈలయితె ఏం బాధ లేదు."

కాకకు కట్టుడు పళ్లు లేవు. చెరుకు గడ నిలువునా ఒలిచి నమిలే మనిషి. ఆ మాటే అంటే, బస్సు ఇంకా రాకుండానే వచ్చినట్టు చెయ్యెత్తి రోడ్డు మీదికి పోయాడు.

పోయిన ఆదివారం జోయల్ మొదటిసారి తన సొంత మంత్రం చేసుకున్నాడు. ఎవరి వీపు మీదైనా అరచెయ్యి పెడితే తన ఊపిర్లు వాళ్లకెక్కుతాయి. "ఛా... ఛార్జింగు" అన్నాడు నవ్వుతూ. తువ్వాల కప్పుకుని చెయ్యి చాపాడు. నేను మూడు వేళ్లు పట్టుకున్నాను. అతను నా అయిదు వేళ్లూ పట్టుకున్నాడు.

కాకకు తువ్వాల కింద ఏముందో కనపడదు. కాని జోయల్ మోచేయి చూసి కనిపెట్టేశాడు. కుర్చీలోంచి లేచాడు.

"ఏం బేరంరా గిది! నేర్పిందంత మర్చిపోయినవా కొడుకా? ఎదుటోడు మూడంటె నువ్వు ఒకటనాలె! ఇజ్జత్ తీస్తివి గదరా! గిట్ల బేరం చేసెటోన్ని ఎవడన్న చూసిండా?"

"మేం చూశాం కాకా" అన్నాను.

జోయల్ మాంత్రికుడు నులక మంచం దగ్గరికి వెళ్లి, ముసలి మాంత్రికుడి వీపు మీద అరచెయ్యి పెట్టాడు. పాచిక దొర్లింది, మంచిగా పడింది. పర్శరాములుకు పది ఊపిర్లు వచ్చాయని చెప్పాను. కాక తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఉక్కపోతగా ఉందన్నాడు. ఫ్యానుకు గ్రీజు పెట్టించమని మళ్లీ చెప్పాడు.

భూదేవక్క చుట్టిన బీడీ చేటలో పడేసి, రెండు చేతులూ దులుపుకుంది.

"పది ఊపిర్లొచ్చినయి గద. దిగు ఇగ, నడువు."